ఫనూరిస్ మామ నాలుక

క్రీట్ దీవిలో మా ఊరి దిబ్బ కింద నాలుగు వేల ఏళ్ళనాటి ఊరొకటి ఉంది. ఏటా ఎండాకాలం దాన్ని తవ్వుతారు. ఈసారి తవ్వకం నడిపించడానికి వచ్చిన మిర్సినమ్మ, గరుఫలియా కాఫీకొట్లో కూర్చుని పనివాళ్ళను ఎంచుకుంటోంది. ఫనూరిస్ మామకి మోకాళ్ళు పోయాయి. ఆమె పిలవకపోతే, కుర్రతనం నుంచి ఏటా తవ్వకానికి వెళ్ళినవాడు మొదటిసారి ఈ ఎండాకాలం ఇంట్లో కూర్చోవాలి. అందుకే ఆమెకి వినబడేట్టు గొంతు పెంచాడు.

"మోకాళ్ళదేముందమ్మా, మా పనికి కావాల్సింది నాలుక. మట్టిలోంచి ఏదో ముక్క తేలుతుంది, రాయో ఎముకో తెలీదు, నాలుక ఆనిస్తాం, ఎముకైతే అతుక్కుంటుంది, రాయైతే అతుక్కోదు. అది అందరూ చేసేదే, కాదనను. నేనక్కడ ఆగలేదు. పాత దొరగారు తవ్వించే కాలంలో ఓ పెంకు నాకి, 'దొరా, ఇది నూనె జాడీ' అన్నా."

"అది చూస్తేనే తెలుస్తుంది కదా," అన్నాడు గరుఫలియా మొగుడు, కుమ్మరి సిఫిస్.

"ఉండవయ్యా, ఆ నూనె ఏ చెట్టుదో నువ్వు చెప్పగలవా? నేను చెప్పా. కొండకి ఉత్తరం వైపు, మేకలు కొరికిన ఆలివ్ చెట్టు. తవ్వి చూస్తే మొద్దు దొరికింది, దానిమీద మేక పంటిగాటుతో సహా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏథెన్స్ నుంచి ప్రొఫెసర్లు బస్సేసుకుని దిగిపోయారు. వరసలో నిలబడి ఒక్కొక్కరే పెంకు అందిస్తారు, నేను చెప్పుకుపోతాను. ఇది ఈజిప్టు నుంచి పడవలో వచ్చింది, సరంగుకి జలుబు. ఇది సైప్రస్‌ది, పెళ్ళిభోజనాల్లో పగిలింది, పప్పులో ఉప్పు తక్కువ."

"పెళ్ళికూతురి పేరు చెప్పలేదా మామా?" అన్నాను నేను.

"చెప్పా, వాళ్ళే రాసుకోలేదు. ఇదంతా ఒక ఎత్తు. ఆనాటి మట్టిపలకల మీది రాత ఇప్పటిదాకా ఎవడూ చదవలేదు గదా. ఒక పలక ఈ చివర్నుంచి ఆ చివరికి నాకేసరికి మొత్తం అర్థమైపోయింది. వంటవాడి మీద ఫిర్యాదు."

"మరి దొరగారికి చెప్పలేదేం?" అన్నాడు సిఫిస్.

"చెప్పబోయా. నాకేసరికి అక్షరాలు చెరిగిపోయాయి."

కొట్టంతా గొల్లున నవ్వింది. మిర్సినమ్మ మాత్రం సంచీలోంచి ఒక పెంకు తీసి మామ ముందు పెట్టింది. "దీని సంగతి చెప్పు మామా." అందరం బల్ల దగ్గరికి జరిగాం.

మామ దాన్ని చొక్కాకి తుడిచి, నాలుక ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "నాలుగు వేల ఏళ్ళకి తక్కువ లేదు. కుమ్మరి మంచి పనివాడే గానీ ఒట్టి బద్ధకస్తుడు. పెళ్ళామంటే హడల్. ఆవం వెనకాల కట్టెల కింద సారా దాచుకున్నాడు. కుండలు కాలాయో లేదో చూసొస్తానని మాటిమాటికీ అటే పోతాడు, పాపం."

సిఫిస్‌కి నవ్వుతో పొలమారింది. "మామా, అది పోయినవారం నేను చేసిన జాడీ. కాల్చేటప్పుడు పగిలితే పారేశా. ఈవిడ పొద్దున మా పెంకులకుప్పలోంచి ఏరుకొచ్చింది."

అందరూ బల్లలు చరిచి నవ్వారు. మామ పెంకుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. మిర్సినమ్మ మొహంలోకి చూడలేదు. నాకు చాలా జాలేసింది.

నవ్వనిది గరుఫలియా ఒక్కతే. కాఫీ పళ్ళెం కింద పెట్టి మొగుడి ముందు నిలబడింది. "పెంకు నీదేనా?"

"నాదే. ఇదిగో, నా వేలిగుర్తు కూడా ఉంది."

"అయితే కట్టెల కింద ఏముంది?"

సిఫిస్ నవ్వు ఆగిపోయింది. ఆమె అప్పటికే ఆవం వైపు నడుస్తోంది. వెనకాల అతను, "వినవే, చెప్పేది వినవే" అంటూ పరిగెత్తాడు.

మిర్సినమ్మ నవ్వి నవ్వి నీళ్ళు తిరిగిన కళ్ళు తుడుచుకుని అంది, "రేపు పొద్దున్నే వచ్చెయ్ మామా. తవ్వడానికి మనుషులున్నారు. నువ్వు నీడలో కూర్చుని పెంకులు కడుగు, వాళ్ళకి కబుర్లు చెప్పు."

మామ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నాకు ఊహ తెలిసాక ఆయనకి మాట రాకపోవడం చూడ్డం అదే మొదటిసారి.