బస్సు దిగని తువ్వాలు

"పెద్దమ్మా, వచ్చే శుక్రవారం నేను బాప్తిస్మం ఎక్కడ తీసుకోవాలి? మీ సంఘంలోనా, అమ్మ వాళ్ళ దాంట్లోనా?"

హమ్మ! అడిగేశావా. అడుగుతావనే అనుకున్నాన్లే, పొద్దున్నించీ నా వెనకాలే తిరుగుతున్నావు. ఆ ఫోను నా మొహమ్మీద పెట్టకే అమ్మలూ, ఆ స్టూలు మీద పెట్టు. రికార్డవుతుందా? అవనీ. ఆ చీరలిలా అందివ్వు, చెప్తూ సర్దుకుంటాను. కార్గో వాడు బుధవారం వస్తానన్నాడు. వచ్చే నెల్లో ఖలాస్, ఈ గల్ఫుకీ, ఫుజైరాకీ ఓ దండం. ఇరవై రెండేళ్ళు ఇక్కడ ఇంజక్షన్లు పొడిచి పొడిచి, ఇప్పుడు నరసాపురం వెళ్ళి దోమలచేత పొడిపించుకోవాలి.

మీ అమ్మనడిగావా? ఏమంది? "అక్కనడుగు" అందా. చూశావా, దాని తెలివి! నన్ను ముందుకు తోసింది. సరే, నీకు ఊరకే ఇక్కడ, అక్కడ అని చెప్పేస్తే అయ్యేది కాదిది. ఓ సంగతి జరిగింది, అది వినాలి. నువ్వప్పుడు మీ నాయనమ్మ దగ్గర ఆరో క్లాసు చదువుతున్నావు. రెండువేల మూడు... కాదు కాదు, నాలుగు. మీ నాన్నకి కొండరాళ్ళ క్రషర్లో కాలికి దెబ్బ తగిలింది చూడూ, ఆ ఏడే.

మీ అమ్మని నేనే పెంచానని నీకు తెలుసుగా. నాకూ దానికీ పదహారేళ్ళ తేడా. మా అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. దానికి తల దువ్వడం దగ్గర్నించి విశ్వాస ప్రమాణం కంఠతా పట్టించడం దాకా అన్నీ నేనే. ఒక్క ముక్క తప్పితే తొడపాశం పెట్టేదాన్ని. అది కూడా నర్సింగు చదివిందంటే, ఇక్కడికి వచ్చిందంటే, గొప్పలు కాదుగానీ, నా చలవే. ఒకే ఆసుపత్రి, ఒకే వీధి, శుక్రవారం వస్తే ఒకే కూర. ఎంత కలిసుండేవాళ్ళమో!

మీ అమ్మ వార్డులో అప్పుడొక అరబ్బు ముసలావిడ ఉండేది. షుగరు, కాలు పుండు, నెలల తరబడి అక్కడే. మీ అమ్మంటే ఆవిడకి ప్రాణం. కట్టు మీ అమ్మే కట్టాలి, ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేది కాదు. ఖర్జూరాలు దాచి పెట్టేది దానికోసం. ఆవిడ రోజూ అడిగేదంట, ప్రేమగానే సుమా, "రూత్, హబీబ్తీ, ఇంత మంచిదానివి, దేవుళ్ళు ముగ్గురంటావేమే?" అని. మీ అమ్మేమో ముగ్గురు కాదమ్మా, ఒక్కడే అంటుంది. మరి తండ్రి, కుమారుడు, ఆత్మ అంటారుగా, లెక్క పెట్టు అని ఆవిడ వేళ్ళు ముడుస్తుంది. ఆవిడ మంచంమీదా, ఇది కట్టు కడుతూ. పాపం, దాని మనసులో ఆ వేళ్ళు మూడూ అలా ఉండిపోయాయి.

ఒకనాడు నేను చేప ముక్కలు వేయిస్తున్నాను. వంజరం. అప్పట్లో చౌకే, పడవలు ఆగే చోటికి పొద్దున్నే వెళితే... అదటుంచు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "అక్కా, దేవుడొక్కడే అయితే ముగ్గురి పేర్లెందుకే? కొడుకు తండ్రి తర్వాత పుట్టినట్టా, కాదా? నాకు చెప్పవే" అని. దాని మొహం చూడాల్సింది కదా నేను. చూళ్ళేదు. నూనెలో చేప మాడుతోంది. గరిటె ఎత్తి మీదకెళ్ళాను. "అడక్కూడదు! నమ్మాలి! ఎవరో ముసలమ్మ అడిగిందని మనం చదివిన ప్రమాణం మార్చాలా? నోర్మూసుకుని పళ్ళేలు తియ్యి" అన్నాను. నలభై ఏళ్ళు వచ్చాయే దానికి! పళ్ళేలు తీసింది. నా దగ్గర మళ్ళీ అడగలేదు.

అడగాల్సిన వాళ్ళు కసిరితే మనిషి ఊరుకుంటుందా, ఇంకో గుమ్మం చూసుకుంటుంది. మీ నాన్న క్రషర్ దగ్గర ఓ పెద్దాయన ఉండేవాడు, గుంటూరు వైపాయన. ఆయన వాక్యం చెప్పేవాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఈ మూడూ ఒక్కాయన బిరుదులేనమ్మా, ఆయన పేరు యేసు, ఆ ఒక్క పేరులోనే మునగాలి అనేవాడు. మీ అమ్మకి హమ్మయ్య అనిపించింది. ముసలావిడకి ఒక్క వేలు చూపించొచ్చు కదా ఇంక! మన తెలుగువాళ్ళలో సగం మంది అటెళ్ళారు. మా మునకలు మునకలే కాదన్నారు. మేమూ ఊరుకున్నామా? నేనైతే మరీనూ. నా నోరు నీకు తెలుసుగా.

ఇక్కడ నవ్వు రావాలి నీకు. సంఘం రెండయింది గానీ బస్సు రెండవలేదు. ఫుజైరా నుంచి షార్జా చర్చిల కాంపౌండుకి శుక్రవారం శుక్రవారం అందరం కలిసి ఓ బస్సు మాట్లాడుకునేవాళ్ళం, మనిషికి రానూపోనూ ముప్పై దిర్హాములు. రెండు బస్సులకి ఇరుపక్కలా జనం చాలరు. అంచేత ఎడమ వరస వాళ్ళది, కుడి వరస మాది. కొండల్లో రెండు గంటల ప్రయాణం, ఒక్కళ్ళ మొహం ఒక్కళ్ళు చూసుకోం. వెళ్ళేటప్పుడు ఎండ వాళ్ళ కిటికీల్లో, వచ్చేటప్పుడు మా కిటికీల్లో. ఎండకి మాత్రం పక్షపాతం లేదు. అక్కడికెళ్ళాక తెలుగువాళ్ళకిచ్చిన రెండు గంటల్లో ఓ గంట వాళ్ళకి, ఓ గంట మాకు. వాళ్ళు లోపల పాడుతుంటే బయట నా కాలు తాళం వేసేది, దిక్కుమాలిన కాలు. పాట తెలిసిందే కదా మరి.

డ్రైవరు ఎల్లయ్యని, జగిత్యాల వైపు పల్లెటూరు, హిందువు. అతను అద్దంలోంచి చూసి అనేవాడు, "ఏందక్కా గీ పంచాది? గీళ్ళను అడిగితె దేవుడు ఒక్కడే అంటరు. మిమ్మల్ని అడిగితె మీరూ ఒక్కడే అంటరు. మల్ల రెండు దిక్కుల ఎందుకు కూసుంటరు?" నీకు తెలీదులే ఎల్లయ్యా, బండి తోలు అనేదాన్ని.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను.

జనవరి నెల. మీ అమ్మ మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటోందని తెలిసింది, ఆ ఒక్క పేరున. కాంపౌండు వెనక సిమెంటు తొట్టి. మన ఆచారం నీకు తెలుసుగా, నీళ్ళలోంచి పైకొచ్చే మనిషికి గట్టుమీద అయినవాళ్ళెవరో తువ్వాలు పట్టుకుని నిలబడాలి. మీ అమ్మ మొదటిసారి మునిగింది మన ఊరి కాలవలో, పదహారో ఏట. అప్పుడు పట్టుకున్నది నేనే. ఇదిగో, ఈ తువ్వాలే. పక్కూరి నేతగాళ్ళ దగ్గర కొన్నాను, చూడు, అంచుకి పసుపు పూలు. ఆ శుక్రవారం పొద్దున నేను ఎవరికీ చెప్పకుండా దీన్ని సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఎందుకు పెట్టుకున్నానో నన్నడక్కు. చెయ్యి పెట్టేసింది.

బస్సు సరిగ్గా ఆ తొట్టి పక్కనే ఆపాడు. అందరూ దిగారు. నేను దిగలేదు. "నేను దిగితే ఒప్పుకున్నట్టవుతుంది" అనుకున్నాను. ఎంత గర్వమే నాది! ఆరుగురు మునిగారు ఆ రోజు, మీ అమ్మ ఆఖరు. ఒక్కొక్కళ్ళకీ భర్తో, తల్లో, చెల్లో తువ్వాలుతో ఉన్నారు. మీ నాన్నకి కాలు కట్టుతో మంచమే. మునిగింది, లేచింది, తెల్ల చీర ఒంటికి అంటుకుపోయి వణికిపోతోంది. పైకి రాదేం! అలా నీళ్ళలోనే నిలబడి చూస్తోంది. నేను కిటికీ దగ్గర తువ్వాలు మొహానికి పెట్టుకుని ఏడుస్తున్నాను గానీ కాలు కదలట్లేదు.

అప్పుడు ఎల్లయ్య వెళ్ళాడు. మెడలో తువ్వాలు తీసి దులిపి, తల పక్కకి తిప్పుకుని అందించాడు. "ఇగో చెల్లె, తుడుసుకో. సాఫ్‌గనే ఉన్నది, పొద్దుగాలనే ఉతికిన" అన్నాడు. మీ అమ్మ తీసుకుంది. మా ఇంటిది కాని చెయ్యి. అదీ జరిగింది.

దాని తర్వాత రెండు నెలలు మాటల్లేవు మాకు. ఆసుపత్రిలో ఎదురుపడితే డ్యూటీ షీటు చదువుకుంటూ పోయేవాళ్ళం.

మా ఫార్మసీలో గిర్గిస్ అని ఉండేవాడు, ఈజిప్టు క్రైస్తవుడు. చేతిమీద చిన్న శిలువ పచ్చబొట్టు. వాళ్ళకి ఉపవాసాలెక్కువ, అప్పుడూ ఉపవాసమే, అంటే మాంసం, పాలు ముట్టరు, పప్పూ అన్నం డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మందులకెళ్ళి నా గోడు వెళ్ళబోసుకున్నాను. గోడేంటిలే, ఆయుధాలకోసం వెళ్ళాను. "మీ వాళ్ళు పాతకాపులు కదా, మా చెల్లి నోరు మూయించే మాట ఒకటి చెప్పు" అన్నాను. పకపకా నవ్వాడు. "సిస్టర్ మార్తా, ఈ గొడవ మా ఊరిదే! మా అలెగ్జాండ్రియాలోనే పుట్టింది" అన్నాడు.

వాళ్ళ ఊళ్ళో వెనకటికి ఓ పెద్ద ఉండేవాడంట, మంచి మాటకారి. దేవుడొక్కడే గనక కుమారుడు సృష్టిలో మొదటివాడు, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడంట. అక్కడి బిషప్పు కాదన్నాడు. తండ్రి ఎప్పట్నించో కుమారుడూ అప్పట్నించే, ఇద్దరిదీ ఒక్కటే దైవత్వం అన్నాడు. ఇవి కాక ఇంకో మాట కూడా ఉండేదంట, అంతా ఒక్కరే, మూడు రకాలుగా కనిపించాడు అని. మీ అమ్మ వాళ్ళ మాటకి దగ్గరది. రేవులో సరుకు మోసేవాళ్ళు కూడా ఆ మాటకారి మాటని పాట కట్టి పాడేవాళ్ళంట! మన ఫుజైరా రేవులో కూలీలు ఓడకి ఆయిలు పడుతూ దీనిగురించి తగువులాడుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. రోము చక్రవర్తి బిషప్పులందర్నీ ఒక ఊళ్ళో కూర్చోబెట్టాడు. కొందరికి పాత హింసల్లో పోయిన కళ్ళు, విరిగిన కాళ్ళు. అలా వచ్చి వాదించుకుని మనం చదివే ప్రమాణం రాశారు. రాస్తే అయిపోయిందా? ఇంకో యాభై అరవయ్యేళ్ళు రగిలింది. ఒక బిషప్పునైతే ఐదుసార్లు ఊరినుంచి తరిమారంట.

నేను నోరెళ్ళబెట్టాను. నేను తొడపాశం పెట్టి మీ అమ్మకి నేర్పిన ప్రమాణం ఆకాశంనుంచి ఊడిపడిందనుకున్నాను. "అయితే మా చెల్లి అడిగింది తప్పు కాదా?" అన్నాను. గిర్గిస్ చెంచా పక్కన పెట్టాడు. "మీ చెల్లెలి ప్రశ్న లేకపోతే నీ ప్రమాణం లేదు సిస్టర్. ఇంకోటి చెప్తా విను. పోట్లాడుకున్న వాళ్ళలో దేవుళ్ళు ముగ్గురన్నవాడు ఒక్కడూ లేడు. అందరూ ఒక్కడే అన్నవాళ్ళే. ఆ ఒక్కణ్ణి కాపాడుకోవాలనే కొట్టుకున్నారు" అన్నాడు.

మందులు అక్కడే మర్చిపోయి వచ్చేశాను. ఎల్లయ్య అద్దంలోంచి అన్న మాట అదే కదే! ఈజిప్టువాడు చెప్తేగానీ ఎక్కలేదు నాకు.

ఆ శుక్రవారం షార్జా దారిలో మసాఫీ దగ్గర ఎల్లయ్య టీకి ఆపాడు. మళ్ళీ ఎక్కేటప్పుడు నేను వెళ్ళి ఎడమ వరసలో మీ అమ్మ పక్కన కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు దగ్గారు. తువ్వాలు తీసి దాని ఒళ్ళో పెట్టాను. "తప్పు నీ ప్రశ్నది కాదే రూతూ, నా గరిటెది. ఆ రోజు ఇది నా దగ్గరుంది. నేనే దిగలేదు" అన్నాను.

అది కిటికీలోంచి చూస్తూనే ఉంది. తువ్వాలు అంచు తడుముతూ అంది, "తెలుసక్కా. కిటికీలో పసుపు పూలు కనిపించాయి. దిగుతున్నావనుకున్నాను. అందుకే నీళ్ళలోనే కాసేపు నిలబడ్డాను."

అమ్మలూ, నేను అరవయ్యేళ్ళలో చాలామంది చావులు చూశాను. ఆ మాటంత నొప్పి నాకెక్కడా తగల్లేదు. ఇద్దరం ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకున్నాం, షార్జా వచ్చేదాకా. ఎల్లయ్య అద్దం పక్కకి తిప్పేసుకున్నాడు.

లేదులే, మీ అమ్మ నా మాటకి రాలేదు. నేనూ దాని మాటకి పోలేదు. ఇప్పటికీ వాదించుకుంటాం. భోజనం ముందు అది ఒక పేరున ప్రార్థన చేస్తుంది, తర్వాత నేను మూడు పేర్లన చేస్తాను. పులుసు చల్లారుతుంది, అంతే నష్టం. ఆ ముసలావిడ దగ్గరికి కూడా ఇద్దరం వెళ్ళాం తెలుసా? మీ అమ్మ ఒక్కడేనమ్మా అంది, నేనూ ఒక్కడేనమ్మా అన్నాను. ఎలాగో చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి, "ఒక్కడేనా? ఖలాస్. యల్లా, కట్టు కట్టండి" అంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని కట్టాం.

కాబట్టి నన్ను ఇక్కడా అక్కడా అని అడక్కు. చదువు, అడుగు. గిర్గిస్ ఇంకా ఫార్మసీలోనే ఉన్నాడు, అతన్నడుగు. క్రషర్ పెద్దాయన్ని అడుగు. మీ అమ్మని మళ్ళీ అడుగు. ఎవరైనా గరిటె ఎత్తితే వచ్చి నాకు చెప్పు. వచ్చే శుక్రవారం కాకపోతే ఆ పై శుక్రవారం, తొందరేముంది, నా టిక్కెట్టు కావాలంటే జరుపుకుంటాను. దేవుడు నీకు అడిగే నోరూ, వినే చెవులూ ఎప్పుడూ ఉంచాలి తల్లీ.

నువ్వు ఏ నీళ్ళలో మునిగినా సరే, లేచి కళ్ళు తుడుచుకునేసరికి గట్టుమీద మీ అమ్మ ఓ కొసా, నేనో కొసా...

ఆ, ఆ! ఆ తువ్వాలు పెట్టెలో పడెయ్యకే. పైన ఉంచు.