నాలుగు నిమిషాల సిద్ధాంతం

రైలు నడిపే కొడుకు మీద పదకొండింటికి విచారణ. గడియారాలు బాగుచేసే తండ్రి కొట్లో, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కోడలు.

"మీరు రాసిన ఈ సిద్ధాంతం కింద సంతకం పెట్టనంటే పెట్టను మామయ్యా."

"చదవకుండానే?"

"మూడుసార్లు చదివా. కాంతి వేగం అందరికీ ఒకటి కాదని రాశారు. రైలు వేగానికే కాలం నిమిషాల లెక్కన నెమ్మదిస్తుందని రాశారు. ఇంజిను శక్తి కాలాన్ని తినేస్తుందట! ఇది విచారణలో ఇస్తే మీ అబ్బాయి ఉద్యోగంతో పాటు నాదీ ఊడుతుంది."

"దీపం పట్టుకుని పరిగెత్తేవాడి వెలుగూ, నిలబడ్డవాడి వెలుగూ ఒకే వేగంతో పోతాయా? ఎవడమ్మా చూశాడు?"

"చూశారు. వందసార్లు కొలిచి చూశారు."

"పదకొండేళ్లు రాశాను ఇది."

"పదకొండేళ్లు రాస్తే తప్పు ఒప్పయిపోదు."

"సరే, వాడు బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలించాడా లేదా?"

"కదిలించారు. వెనకొచ్చే బండి ఆగిపోయింది. కునుకు పట్టిందని ఆయనే రాసిచ్చారు కూడా."

"ఇరవై ఏళ్ల నుంచి నడుపుతున్నవాడు కునుకు తీస్తాడా? నువ్వు నమ్మావా?"

"నమ్మలేదు. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

"అందుకే చెబుతున్నా. వాడు తన జేబు గడియారం చూసే కదిలించాడు. ఆ గడియారమే నాలుగు నిమిషాలు వెనకుంది. వేగంలో కాలం నెమ్మదిస్తుందని మీ పుస్తకమే చెబుతోందా, లేదా?"

"చెబుతోంది! ఎంత? సెకనును వెయ్యికోట్ల ముక్కలు చేస్తే, రెండు రోజుల డ్యూటీకి అందులో ఒక్క ముక్క. మీరేమో నాలుగు నిమిషాలంటున్నారు."

"అక్కడే మీ లెక్క తప్పింది."

"నా ఖర్మ! గోడకి తల కొట్టుకోవాలనిపిస్తోంది."

"సంతకం పెట్టి కొట్టుకో."

"గడియారమే చెడిపోయి ఉండొచ్చుగా?"

"నా చేత్తో బాగుచేసిందా?"

"మీ చేత్తో చేసిందే."

"నలభై ఏళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఇదిగో, వాడు మాటా పలుకూ లేకుండా ఈ బల్ల మీద పెట్టి వెళ్లి నాలుగు రోజులైంది. గోడ గడియారంతో సెకను తేడా లేదు. ఇక్కడ సరిగ్గా ఉంది, రైలెక్కితే నెమ్మదించింది. ఇంకేం రుజువు కావాలి?"

"బల్ల మీద వెల్లకిలా ఉంది."

"అయితే?"

"ఇంజిన్లో ఆయన దీన్ని గొలుసుతో మేకుకి తగిలిస్తారు. నిలువుగా."

"తగిలిస్తే?"

"మామయ్యా, నిలబెట్టి చూశారా?"

"చూస్తాను. ప్రతిదీ చూస్తాను. వెల్లకిలా ఓ రోజు, నిలువుగా ఓ రోజు. నిలబెడితే కొన్ని వెనకపడతాయి, అందుకని..."

"దీన్ని?"

"కంగారుపెట్టకు."

"దీన్ని చూశారా, లేదా?"

"బాగుకిచ్చినప్పుడు వాడు మర్నాడే డ్యూటీ అన్నాడు. నేనేమో ఆరో అధ్యాయంలో ఉన్నా. శక్తి లెక్క ఎంతకీ తెగట్లేదు. వెల్లకిలా చూసి ఇచ్చేశా."

"ఇప్పుడు తగిలించండి ఆ గోడ మేకుకి. అరగంట చూద్దాం."

"అరగంట అక్కర్లేదు. చెవి దగ్గర పెట్టుకో. ఇలా పడుకోబెడితే... వింటున్నావా? ఇప్పుడు నిలబెట్టాను."

"కుంటుతోంది."

"ఊఁ."

"నాలుగు రోజులూ మీరు దీన్ని నిలబెట్టనే లేదా?"

"చెయ్యి రాలేదమ్మా."

"చెయ్యి రాలేదా! వంద పేజీలు రాయడానికి వచ్చింది. కాంతి మీద నింద వెయ్యడానికి వచ్చింది."

"తిట్టు. తిట్టించుకోవాల్సిందే."

"ఆయనా అంతే. గడియారం ఊసే ఎత్తలేదు. విచారణ సంగతి నాన్న దగ్గర అనకు, అనకు అని నాకు పదిసార్లు చెప్పారు. నేనే ఆగలేక మీకు చెప్పేశా. ఎందుకు వద్దన్నారో నాకు అర్థం..."

"నాకర్థమైంది. కొత్త కాగితం ఇవ్వు. ఈ కట్ట అవతల పెట్టు."

"మళ్లీ ఏం రాస్తారు? నేను మాత్రం సంతకం..."

"నీ సంతకం అక్కర్లేదు. బాగుచేసింది నేను, నా సంతకం చాలు. వాడికి కునుకు పట్టలేదు తల్లీ. నా పేరు పోకూడదని కాగితం మీద నిద్రపోయాడు."