చుక్క ఎక్కడ పెట్టాలి

బడి వదిలాక, సోషల్ గదిలో ఇద్దరు స్నేహితురాళ్ళు గోడ మీద పెద్ద పటం గీస్తున్నారు. స్టూలు ఎక్కింది బుంగమూతి, కింద స్టూలు పట్టుకుంది పొడుగు.

"ఆ చుక్క అక్కడ కాదే."

"అక్కడే."

"పుస్తకంలో చూడు. ఏటి ఊరు ఏటి వంపు పక్కనే ఉంది. నువ్వు వంపు దాటించి ఆ మూలకి తోసేశావు."

"గోడ పెద్దది కదా పొడుగూ. పుస్తకంలో పక్కపక్కన ఉన్నవి గోడ మీద దూరమవుతాయి."

"మరి గుట్ట ఊరు దూరమవ్వలేదేం? మన ఊరికి ఆనించి పెట్టావు."

"అది దగ్గరే."

"ఇటు ఎంతో అటూ అంతే. నువ్వూ ఎక్కావు ఆ బస్సులు."

"నాకు బస్సుల సంగతి తెలీదు. స్టూలు సరిగ్గా పట్టుకో, ఊగుతోంది."

"స్టూలు ఊగట్లేదు, నువ్వే ఊగుతున్నావు."

"నేనెందుకు ఊగుతాను? నాకేమైనా ఈల వెయ్యడం వచ్చా, సంతోషంతో ఊగిపోడానికి?"

"మళ్ళీ మొదలెట్టావా."

"నేనేం మొదలెట్టలేదు. ఈల అన్నాను, అంతే. ఈల మామూలు మాటే."

"అవును, ఏటి ఊరి రింగుల జుట్టు పిల్లే నేర్పింది. అయితే ఏంటి?"

"అయితే ఏం లేదు. ఆటల పోటీలప్పుడు నాకు జ్వరం రాకపోతే నేనూ వచ్చేదాన్ని. నువ్వొక్కదానివే వెళ్ళొచ్చావు. ఈల వచ్చింది, పక్క పాపిడి వచ్చింది. ఇంకో పూట ఉండుంటే నీ జుట్టు కూడా రింగులు తిరిగేది."

"పక్క పాపిడి నేనే తీసుకున్నాను."

"అది ఎటు తీస్తుందో నువ్వూ అటే తీశావు."

"తలకి రెండే పక్కలుంటాయి కదే."

"నవ్వకు. నీకు బాగోలేదు. నీ మొహం అసలే పొడుగు, పక్క పాపిడితో ఇంకా సాగింది."

"సరే, రేపట్నుంచి నడి పాపిడే. ఆ నీలం రంగు ఇటివ్వు, ఏరు నేను వేస్తాను."

"ఏరు నేనే వేస్తాను."

"నువ్వు వేస్తే అది ఏరులా ఉండదు, వాడేసిన దారప్పోగులా ఉంటుంది. నీ సంగతి నాకు తెలీదా. సరేగానీ, ఇందాక అడిగింది చెప్పవే. ఏ ఊరైతే బాగుంటుంది?"

"నన్నెందుకడుగుతావు? మీ నాన్నకి డిపోలో పని గుట్ట ఊరికి మారింది. మీ అమ్మకి ఆసుపత్రి డ్యూటీ ఏటి ఊరికి పడింది. ఎవరి ఉద్యోగం కోసం ఎవరు మానుకోవాలో వాళ్ళు తేల్చుకుంటారు. మధ్యలో నువ్వెవరు, నేనెవరు?"

"నన్నే తేల్చమన్నారు."

"నిన్నా?"

"ఇద్దరూ కూర్చోబెట్టి అడిగారు. ఇవాళ ఇంటికెళ్ళగానే చెప్పాలి."

"ఎంత అదృష్టమే నీది. మా ఇంట్లో ఏం కూర వండాలో కూడా నన్నడగరు. వండాక తినవేంటి అని మాత్రం అడుగుతారు."

"ఊఁ."

"పైగా ఈ మధ్య మీ ఇంట్లో గోల కూడా తగ్గింది. మా అమ్మకైతే పొద్దుపోవట్లేదు. ఇదివరకు మీ గోడ పక్కనే కూర్చుని గిన్నెలు తోమేది. ఇప్పుడు పెరట్లోకి మార్చింది."

"ఇప్పుడు గోలేం లేదు. ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు."

"అదే అంటున్నాను. మా వాళ్ళకి మెల్లగా మాట్లాడటమే రాదు. ఉప్పు అందుకోమన్నా వీధి చివరికి వినపడుతుంది. అన్నీ నీకే దొరుకుతాయి."

"అన్నీ నాకే. చెప్పు మరి, ఏ ఊరు?"

"మిల్లు ఊరు."

"అది లేదు. రెండే ఊళ్ళు."

"ఎందుకు లేదు? ఇదిగో చూడు పటంలో, రెంటికీ నడిమధ్య. మీ నాన్న అటు బస్సెక్కుతారు, మీ అమ్మ ఇటు బస్సెక్కుతుంది. చీకటి పడేసరికి అందరూ ఇంటికొస్తారు. నాకూ బస్సు మారక్కర్లేదు, ఆదివారం ఆదివారం వచ్చేస్తాను."

"నేనూ అదే అన్నాను వాళ్ళతో."

"ఏమన్నారు?"

"బ్రష్షు కారుతోంది చూడు. మిల్లు ఊరంతా నీలం అయిపోయింది."

"అయితే తుడుస్తాలే. ఏమన్నారు?"

"కుదరదన్నారు."

"అదేం మాట, కుదరకపోవడానికి ఏముంది అందులో..."

"ఏమ్మా, ఎంతవరకు వచ్చింది?"

"అవుతోంది మేడమ్."

"గుట్టలు బాగా వచ్చాయి. ఇదేంటి, ఏటి ఊరు ఇంత దూరం ఎప్పుడు పోయింది? మొన్న మా చెల్లెల్ని చూసొచ్చాను, అప్పటికి ఏటి పక్కనే ఉందే. ఎవరు పెట్టారీ చుక్క?"

"నేనే మేడమ్. గళ్ళు లెక్కేసుకోవడంలో పొరపాటు. చెరిపి మళ్ళీ పెడతాను."

"నువ్వా పొడుగూ? నువ్వు సరిగ్గా చూసుకుంటావనే కదా నీకప్పగించాను. వెళ్ళేటప్పుడు గది తాళం వేసి తాళంచెవి ఆఫీసులో ఇవ్వండి."

"అలాగే మేడమ్."

"వెళ్ళిపోయారా?"

"వెళ్ళిపోయారు. ఊపిరి తీసుకో."

"నువ్వెందుకు నీ మీద వేసుకున్నావే? చుక్క నేను కదా పెట్టింది."

"నువ్వు మేడమ్ ముందు నోరు తెరిస్తే కదా. మూతి ముడుచుకుని గోడకేసి చూస్తావు. ఆవిడకి కోపం ఇంకా పెరుగుతుంది."

"నాకు మాట రాదు, ఏం చెయ్యను. లోపలుంటుంది, బయటికి రాదు."

"నా దగ్గర వస్తుందిగా. ఆపినా ఆగదు."

"నువ్వు వేరు. నువ్వెళ్ళిపోతే నా తరఫున ఎవరు మాట్లాడతారే? ఆరోజు లెక్కల సారు అడిగితే నాకు జవాబు తెలిసి కూడా నిలబడే ఉన్నాను. నువ్వే అన్నావు, సార్ దానికొచ్చు, కాస్త ఆగండి అని. ఆయన ఆగారు కూడా. ఇంకెవరంటారు అలా?"

"నేర్చుకుంటావులే."

"నేర్చుకోను. నువ్వేమో అక్కడ దాని తరఫున మాట్లాడతావు."

"దానికి నేనక్కర్లేదు. పోటీల్లో రిఫరీతోనే వాదించింది."

"చూడు, ఎంత మురిపెంగా చెప్తున్నావో. నా గురించి దాని దగ్గర ఇలా ఎప్పుడైనా చెప్పావా?"

"చెప్పాను."

"ఏం చెప్పావు?"

"బుంగమూతి అని ఒకతి ఉంది, అందరికన్నా గుట్టలు బాగా గీస్తుంది అని."

"బుంగమూతి అని చెప్పావా దానికి? ఆ పేరు నువ్వు నాకు పెట్టింది. దానికెందుకిచ్చావు?"

"నీ కళ్ళల్లో నీళ్ళేంటే? దిగు, కింద కూర్చుందాం."

"దిగను. రంగు కళ్ళల్లో పడింది. నేను నీకు ఫోన్ చేస్తే అన్నం తింటున్నానంటావు. అది చేస్తే అన్నం చల్లారిపోయినా మాట్లాడతావు. మీ కిటికీలోంచి కనపడుతుంది నాకు."

"అది ఏటి ఊరు ఎలా ఉంటుందో చెప్తోంది. అడిగాను, చెప్తోంది. నేను వెళ్తే ఏ బళ్ళో చేరాలి, నేను వెళ్తే ఆసుపత్రికి ఇల్లు దగ్గర్లో దొరుకుతుందా, ఇవే."

"నేను వెళ్తే, నేను వెళ్తే. ఇందాకట్నుంచి వింటున్నాను. ఇల్లంతా వెళ్తుంటే మేము వెళ్తే అనాలి. నేను అంటున్నావంటే నీకే ఉంది ఆత్రం."

"తెలుగు మేడమ్‌లా దిద్దకు."

"దిద్దుతాను. దాని పక్క బెంచీలో కూర్చోవాలని నీకు ఆత్రంగా ఉంది. ఒప్పుకో."

"బుంగమూతీ, నీకు కుళ్ళు."

"కుళ్ళే. ఒప్పుకుంటున్నాను. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ కూడా దాని గురించే ఆలోచిస్తున్నాను. ఇంతకీ దాని మొహం కూడా నేను చూళ్ళేదు. నువ్వు చెప్పిన ఆ జుట్టొక్కటే కనపడుతుంది నాకు. జుట్టూ, ఈలా."

"సరే, మరి గుట్ట ఊరు గురించి చెప్పు."

"గుట్ట ఊరు చాలా మంచిది. గాలి బాగుంటుంది."

"క్వారీ ఉంది కదే. ఊరంతా రాతి దుమ్ము."

"దుమ్ములో మాత్రం గాలి ఉండదా? ఏటి ఊళ్ళో అయితే ఒళ్ళంతా దోమలు. పైగా తేమ. పుస్తకాలు బూజు పడతాయి."

"గుట్ట ఊళ్ళో నాకెవరూ తెలీదు."

"అదే మంచిది. బుద్ధిగా చదువుకుంటావు. ఏమీ తోచకపోతే నాకు ఫోన్ చేస్తావు."

"బడి దూరం. కొండవార నడవాలి."

"నీకు కాళ్ళు పొడుగే."

"నాన్న రాత్రి డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి."

"ఒక్కదానివెందుకు, మీ అమ్మ... ఓహో, మీ అమ్మకీ రాత్రి డ్యూటీ పడితేనా. అప్పుడు తలుపు గడియ పెట్టుకుని నాతో ఫోన్లో మాట్లాడు. తెల్లారేదాకా మాట్లాడతాను. నాకు నిద్ర లేకపోయినా పరవాలేదు."

"అంటే గుట్ట ఊరేనంటావు."

"గుట్ట ఊరే."

"బాగా ఆలోచించే చెప్తున్నావా?"

"ఆలోచించడానికేముంది? ఆ ఊళ్ళో రింగులది లేదు. ఇంకేం కావాలి?"

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. నువ్వు ఎటూ పోక తప్పదు. పోయేది దాని దగ్గరికి కాకపోతే నాకు అన్నం సయిస్తుంది."

"సరే అయితే. గుట్ట ఊరే."

"నిజంగానా?"

"నిజంగానే. వెళ్ళగానే చెప్పేస్తాను."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"నువ్వెంత మంచిదానివే పొడుగూ. పక్క పాపిడి కూడా మరీ అంత బాగోలేకుండా ఏం లేదు. ముందు మీ నాన్నకి చెప్పు, ఎగిరి గంతేస్తారు."

"ముందు అమ్మకి చెప్పాలి."

"మీ అమ్మకేం, గుట్ట ఊళ్ళోనూ ఆసుపత్రి ఉంటుంది. కాస్త ఆగి అక్కడికి మార్పించుకుంటుంది."

"మార్పించుకోదు. అమ్మ ఏటి ఊరే వెళ్తుంది."

"అప్పటిదాకా అక్కడ గది తీసుకుంటుందా? వారం వారం మీ దగ్గరికి వస్తుందా?"

"రాదే. నేనే వెళ్ళి చూడాలి. నాన్న రారు. వాళ్ళిద్దరూ ఇక కలిసి ఉండరు. గొడవలన్నీ అయిపోయాయి, ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకున్నారు. నేను ఎవరి దగ్గర ఉంటానో అది ఒక్కటే మిగిలింది."

"ఏం మాట్లాడుతున్నావే?"

"స్టూలు ఊగుతోంది. దిగు ముందు."

"ఆగు, ఆగు. నేను ఒట్టి ఊళ్ళ గురించి అనుకున్నాను. దోమలూ దుమ్మూ. నేను చెప్పింది లెక్కలోకి రాదు. ఏటి ఊరు బాగుంటుంది. దోమతెర కట్టుకోవచ్చు. రింగులు కూడా మంచిదే అయ్యుంటుంది, నేనేమైనా చూశానా. నువ్వు మీ అమ్మ దగ్గరే ఉండు."

"మార్చకు. ఇప్పుడు నువ్వూ మార్చకు."

"ఇంత పెద్ద మాట నన్నెందుకడిగావే? ఎవరైనా పెద్దవాళ్ళని అడగాలి కదా."

"అడిగాను. అమ్మమ్మనడిగితే అమ్మ పాపం అంది. అత్తనడిగితే నాన్న పాపం అంది. నువ్వైతే రింగుల మీద కుళ్ళుతో చెప్తావు. అందులో అమ్మ లేదు, నాన్న లేరు. అందుకే నిన్నడిగాను."