రెండు గంటల బస్సు

హలో… ఆ, నేనే కృపమణక్కా, ఓబులేష్‌ను. నాయన నొప్పి మాత్రలు తీసుకుని ఇప్పుడే ఇల్లు చేరినా. నువ్వు యాడుండావు?

…ఆత్మకూరులో ఇంకో రోగి ఇంట్లోనా? గంట పడతాదా?

గంట ఆగేట్లు లేదక్కా. నాయన మెలికలు తిరిగిపోతాండాడు. అరిచేకి కూడా శక్తి లేదు. దిండు కొరుకుతాండాడు.

— పొద్దున ఆరుకు వేసిందే. తర్వాత రెండు పూటలవీ వేయలేదు.

— ఉండాయి. ఇంట్లో ఇంకా నాలుగుండాయి. ఉండీ వేయలేదు.

…ఈ పొద్దు రెండో శనివారమక్కా. బడి గంట కొట్టలేదు.

అమ్మకు గడియారం చూసేది రాదు కదా. పాల వ్యాను వస్తే ఒకటి, బడి గంట కొడితే ఒకటి, రెండు గంటల బస్సు హారన్ కొడితే ఒకటి… నర్సువు, నువ్వే కదా ఇంటికొచ్చి నేర్పించినావు. మూడు వారాల్లో ఒక్క పూట తప్పలేదు. ఆదివారాలు నేనే ఇంట్లో ఉండి వేస్తాంటి. ఈ పొద్దు సెలవని మరిచిపోయినా.

…అవును, నాయన ఆ పొద్దే నిన్ను ఎక్కిరించినాడు. 'బస్సు లేటయితే నొప్పిని కూడా స్టాండులో కూర్చోమంటావా అమ్మా' అని. అట్లే అయింది.

— రాలేదు. నేను చూసినా. నందికొట్కూరు దాటినాక టైరు పగిలి రోడ్డు పక్కన నిలబడుండాది. దాని పక్క నుంచే బండి మీద వచ్చినా. డ్రైవరుకు చెయ్యి కూడా ఊపినా. నాయన మాత్ర దాంట్లోనే రావాలని… నాకు తట్టలేదక్కా.

…తెలుసు. నొప్పి ఎక్కువైతే టైము చూడకుండా ఇంకొకటి వేయమన్నావు. నాకు చెప్పినావు. నేను అమ్మకు చెప్పలేదు.

— భయమక్కా. తొందరపడి రెండు మూడు వేసేస్తాదని. 'బస్సు రాకముందు వేస్తే మనిషి మళ్లీ లేయడు' అని నేనే బెదిరించినా. మాత్ర గుప్పిట్లో పెట్టుకుని వాకిట్లో కూర్చోనుండాది.

అమ్మా, ఇట్లియ్యి. …ఇయ్యమ్మా, నేను చెప్తాండా కదా!

…ఇయ్యదంట. బస్సు రాలేదంట.

సరే, కొత్తవి చించుతాండా. స్పీకర్ పెట్టినా, చెప్పు. …పొడి చేసి… అర చెంచా నీళ్లు… సిరంజి ఉండాది, సూది లేనిది. చెంప లోపలికా?

పుల్లన్నా, ఆటో స్టార్ట్ చేయొద్దప్పా!

…పక్కింటి పుల్లన్నక్కా. కర్నూలు ఆసుపత్రికి ఎత్తుకుపోదామంటాండాడు. 'కన్నతండ్రిని ఇంట్లో పెట్టి చంపుకుంటారా' అని వీధంతా వినేట్లు…

— నాయన నీ ముందరే కదా అన్నాడు. 'నన్ను మగ్గం కాడి నుంచి లేపొద్దు' అని. కానీ అప్పుడు మాత్రలు పనిచేస్తాండె. ఇంత నొప్పిలో కూడా అదే మాట అంటాడా? పోదామా, వద్దా? నువ్వే చెప్పక్కా.

…కాళ్లా? ఉండు. …చల్లగుండాయి. మోకాళ్ల దాకా. గోర్లు నీలంగుండాయి… రంగు కాదక్కా, నూలుకేసే రంగు ముట్టి ఆరు నెలలాయె.

— ఊపిరి తీస్తాండాడు. …ఆగింది. …మళ్లీ తీసినాడు.

లెక్కపెడతాండా. ఏడు… ఎనిమిది… ఆ, తీసినాడు.

…అంటే, దారిలోనే అంటావు.

…సరే. పుల్లన్నా, ఆటో బంద్ చెయ్యప్పా. …నన్ను తర్వాత తిట్టుకో. ఇప్పుడు బంద్ చెయ్యి.

నాయనా, మాత్ర కలిపినా. ఇదో. నోరు తెరువు నాయనా. …పళ్లు బిగబట్టినాడక్కా.

— నిమురుతాండా. దవడ మీదనే… ఆ, వదిలినాడు. దిండు వదిలినాడు.

పన్నెండు… పదమూడు…

ఇరవై అయిందక్కా.

…ముప్పై.

సిరంజి నా చేతిలోనే ఉండాది.

…ఆ.

…ఆ, అర్థమైంది.

— వినపడిందా? హారన్. బస్సు వచ్చింది.

అమ్మ లేచింది. లోపలికి వస్తాండాది. గుప్పిట తెరిచింది… మాత్ర చెమటకు సగం కరిగిపోయుండాది. అక్కా, నేనేం చెప్పాల?

…

రామ్మా. ఈడ కూర్చో. …ఆ, బస్సు వచ్చింది. టైమైంది. నువ్వే వెయ్యి.

ఫోన్ పెట్టేస్తానక్కా. నిదానంగా రా… తొందరేం లేదు.