అలుగు లేని కట్ట

"వాగంటే భయపడేవాళ్ళు వేరే ఉన్నారండీ, నేను కాదు" అంటూ మేస్త్రీ తన చెల్లెలి టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎగువూరి పెద్దాయన, ఆయన అల్లుడు. వాళ్ళ వాగు ఏటా లోతుకి కోసుకుపోతూ చేల గట్లు మింగేస్తోంది. అడ్డంగా చిన్న మట్టికట్ట వేయిస్తే కోత ఆగుతుందని, నీళ్ళు నిలిచి భూమిలోకి ఇంకుతాయని వాళ్ళ ఆశ. ఆ పని ఈ మేస్త్రీకి అప్పజెప్పొచ్చో లేదో తేల్చుకోవడానికి వచ్చారు.

"మా వాగు మీద నేను వేసిన కట్ట ఎంతనుకున్నారు? నా నడుమెత్తు, అంతే. మట్టి పరిచి, తడిపి, దిమ్మిసతో గట్టిపడేలా కొట్టించి, మళ్ళీ పరిచి అలా లేపాను. పని పూర్తయిందో లేదో వాన. మామూలు వానా? ఆకాశానికి చిల్లు పడింది. వాగు ఉరుక్కుంటూ వచ్చి కట్టని చూసి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాసేపు అటూ ఇటూ చూసి వెనక్కి తిరిగింది."

"వెనక్కా?" అన్నాడు అల్లుడు.

"వెనక్కే బాబూ. ముందొచ్చిన నీళ్ళు వెనకొచ్చే నీళ్ళకి చెప్పాయి, అక్కడ మేస్త్రీ ఉన్నాడు, వెళ్ళకండని. అన్నేళ్ళూ కోసుకుపోయిన మట్టంతా మోసుకొచ్చి ఎవరి చేలో వాళ్ళకి పోసింది. బావులు ఎంత పొంగాయంటే బిందెలు వాటంతటవే నిండి ఇళ్ళకి నడిచాయి. చేపలు గడపెక్కి, పులుసా వేపుడా అని అడిగాయి. ఇప్పటికీ మా ఊరి మీద కురవాలంటే మబ్బులు ముందు నన్నడుగుతాయి."

పెద్దాయన నవ్వలేదు. వాన ఎక్కువైతే నీళ్ళు పక్కనుంచి పోవడానికి అలుగు ఎంత వెడల్పు పెట్టావని అడిగాడు.

"అలుగా? తన కట్ట మీద తనకే నమ్మకం లేనివాడు పెట్టుకుంటాడండీ అది. నీళ్ళకి మనమే దారిచ్చామంటే ఓడిపోయినట్టు కాదూ? మధ్యలో కట్ట కాస్త కుంగితే నేనే వీపు ఆనించి నిలబడ్డాను. వాన వెలిసేసరికి వాగే అలిసిపోయింది."

చెల్లెలు పొయ్యి మీద గిన్నె దించి ఇటు తిరిగింది.

"ఆ కట్ట నిలబడలేదండీ. దారి లేక నీళ్ళు పైనుంచి పొర్లి నడిమికి తెగింది. ఆ ఇసుకంతా నా చేలో పడింది. అప్పుడు ఈయన వీపు ఆనించలేదు, మా అటకెక్కి కూర్చున్నాడు."

పెద్దాయన తాగుతున్న గ్లాసు అక్కడే పెట్టి లేచాడు. అల్లుడూ వెనకే వెళ్ళిపోయాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి మేస్త్రీ, సొంత అన్న నోటి దగ్గర కూడు తీసేశావు కదే అన్నాడు.

"చేనుంటే నేనీ కొట్టు పెట్టేదాన్నా అన్నయ్యా? వాళ్ళ ఊళ్ళో ఇంకెంతమంది చేత టీకొట్లు పెట్టిద్దామనుకున్నావు?"