సాంచాలు పాడిన రాగం

ఆంజనేయులు నోరు తెరిచిండంటే షోలాపూర్ దాజీ పేట్‌ల చాయ్ చల్లారాల్సిందే. ఆ దినం సుట్టీ. గల్లిల సాంచాలన్నీ, బట్ట నేసే కరెంటు మగ్గాలన్నీ, బందున్నయి. కార్ఖానా మనుషులంతా యల్లమ్మ చాయ్ హోటల్ ముంగట పోగైండ్రు, నడుమ బల్ల మీద ఆయన. ఇంకేం కావాలె ఆయనకు! ఆయన బిడ్డ నమ్రతకు మాత్రం పొద్దటి నుంచి ఒక్కతీరుగ భయం.

ఎందుకంటే పుణె నుంచి రూపాలి వచ్చి పక్కనే కూసున్నది. ఇదే దాజీ పేట్‌ల సాలోళ్ల ఇంట్ల పుట్టి, శాస్త్రీయ సంగీతంల పెద్ద పండితుడై, రాగాల మీద లావులావు పుస్తకాలు రాసి, పోయినేడు కాలం చేసిన అంబాదాస్ పండిత్‌జీకి ఆమె శిష్యురాలు. పుణెల పెరిగినా మన తెలుగోళ్ల బిడ్డే. గురువు బతుకు కథ రాస్తున్నది. షోలాపూర్ నుంచి ఒక్కరిని శిష్యురాలిగ తీసుకుంట అన్నది. హోట్గి రోడ్ మీద చిన్న బళ్లె పిల్లలకు పాటలు చెప్పే నమ్రత ఫోన్ చేసి అడిగింది. "నేనెవ్వరి దగ్గర నేర్సుకోలేదు తాయీ. మా బాపు, పండిత్‌జీ చిన్ననాటి దోస్తులు. రోజూ బాపు ముందట కూసొని పాడుత, ఆయన వాహ్ అంటెనే లేస్త. నాకు ఆయన చెవే గురువు" అని చెప్పింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ ముచ్చట్లే ఇన్నది, నమ్మింది.

"ఏం లేదమ్మా, చిన్న ముచ్చట," అని షురూ చేసిండు ఆంజనేయులు. "అంబాదాస్ అప్పుడు నిక్కరు పోరడు. మా కార్ఖానా గడప మీద కూసొని గుణుగుతుండె. ఆకలి మొఖం. నా జొన్నల కడక్ భాకరి రొట్టె సగం ఇరిసి, పల్లీల శేంగా చట్నీ ఏసి పెట్టిన. తిని ఒక పాట పాడిండు. నేనన్న, అరే అంబాదాసూ, గొంతు బంగారమే గని తాళం జారుతున్నదిరా అని."

"నీకు తాళమెట్ల తెలుసే అన్నా?" అని అడిగిండు పోచయ్య. ఏండ్ల తరబడి ఒక్కటే కార్ఖానాల పక్కపక్క సాంచాల మీద పనిచేసిన మనిషి.

"ఎట్ల తెలుసంటవా! సాంచా పొద్దంత కొట్టేది ఏంది మరి? తాళం కాదా? పాన తీసుకొని ఒక్క నట్టు బిగిచ్చిన, సాంచా తీన్‌తాళ్ల పడ్డది. ఇంకో నట్టు వదులు చేసిన, ఝప్‌తాళ్ల పడ్డది. అంబాదాస్ కండ్లు తేలేసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"పుణెల పెద్ద సభ. అంబాదాస్ పాడుతుండు. తబలా ఆయన దారి తప్పిండు. సభంత గప్‌చుప్. అంబాదాస్ ఏం జేసిండు? స్టేజి మీద నుంచే నాకు ఫోన్ కొట్టిండు! నేనిక్కడ అన్నం తింటున్న. ఎంగిలి చెయ్యితోనే చప్పట్లు కొట్టిన ఫోన్ల. తబలా సక్కగ దారికొచ్చింది. సభ లేసి నిలబడ్డది. నాకు సగం అన్నం చల్లారింది, అది వేరే ముచ్చట."

అందరు నవ్విండ్రు. రూపాలి గూడ నవ్వింది గని పెన్నుకు మూత పెట్టింది. ఆ మూత చప్పుడు నమ్రతకు చెంప మీద కొట్టినట్టయింది. ఇంట్ల చెప్పినప్పుడు ఈ కథలింత దూరం పోకపోతుండె.

"బాపూ, ఇంక చాలు," అన్నది ఎనుక నుంచి. ఆయన మళ్లి చూడలే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ఎండకాలం కరెంటు పోయింది. కుంఠా నాకా నుంచి ఈడిదాక సాంచాలన్నీ పండుకున్నయి. అంబాదాస్ వచ్చి, అన్నా, ఏం చేద్దాం అన్నడు. నువ్వు రాగమెత్తు, నేను తాళమేస్త అన్న. ఎత్తిండు. నేను తొడ మీద ఒక్క దెబ్బేసిన. కరెంటు లేకుండనే సాంచాలన్నీ ఒక్కసారి లేసినయి! మీటర్లు ఉల్టా తిరిగినయి! చూడొచ్చిన లైన్‌మన్ మీటరు మీద చెయ్యి పెట్టి, వాడు గూడ ఆలాపన ఎత్తుకున్నడు."

"అవ్వో!" అన్నది యల్లమ్మ, చాయ్ వడపోసుడు ఆపి.

"ఆ దినం నేసిన చద్దర్లున్నయి గద, ఇప్పటికీ ఎవలన్న కప్పుకొని పంటె అదే రాగంల గురక పెడ్తరు. పక్కల పన్న పెండ్లాం తాళమేస్తది! అప్పుడు అంబాదాస్ నా కాళ్ల మీద పడ్డడు. గురూజీ, పుస్తకాలు నా పేరు మీదున్నయి గని ఇద్దె నీది అన్నడు."

రూపాలి నవ్వు మాయమైంది. గురువు పోయి ఏడాదన్న నిండలే. నమ్రతకు ఆమె మొఖం చూడ సిగ్గేసింది. భూమి చీలితే అండ్లకు పోదామనిపించింది. అన్నీ అబద్ధాలేనా? ఈ మనిషి చెవినా నేను గురువని చెప్పుకున్నది?

రూపాలి తల వంచి, ఫోన్ల ఏదో పెట్టి బల్ల మీద ఉంచింది. "ఇది గుర్తుపట్టుండ్రి కాకా," అన్నది తల ఎత్తకుండనే. ఫోన్ల నుంచి ముసలి గొంతు ఒకటి మెల్లగ రాగం అందుకున్నది. హోటల్ ముంగట అందరు అటు దిక్కు మళ్లిండ్రు. పండిత్‌జీ గొంతు నమ్రతకు తెలువదా?

"ఆ తర్వాత ఢిల్లీకి పిలిచిండ్రు మా ఇద్దర్ని..." ఆంజనేయులు చెప్పుకుంటనే పోయిండు. అందరు ఫోన్ దిక్కు చూసుడు చూసి ఆగిండు. మొఖం చిట్లించిండు. "ఏందది, గరగర? ఎవడో మొత్తుకుంటుండు, బంద్ చెయ్యుండ్రి. నేను పండిత్‌జీ ముచ్చట చెప్తుంటె!"

పోచయ్య చాయ్ కప్పుల మొఖం పెట్టి పకపక నవ్విండు. "ఆ మొత్తుకునేది మీ పండిత్‌జీనే గదనే, గురూజీ!"

అందరు విరగబడి నవ్విండ్రు. వాళ్లను చూసి ఆంజనేయులు గూడ నవ్విండు. తన కథకే నవ్విండ్రనుకున్నడు. తొడ చరిచి, "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నడు.

అప్పుడు అర్థమైంది నమ్రతకు. పోచయ్య మాట ఆయనకు ఇనబడలే. ఇందాక తన మాట ఇనబడలే. ఆ పాట ఆయన చెవుల ఉత్త గరగరనే అయ్యింది. ఆ గల్లిల సాంచాల కాడ పనిచేసినోళ్లందరికి చెవులు మందమే, అందరు గట్టిగనే మాట్లాడుతరు, అందుకే ఎవ్వరు కనిపెట్టలే. మూతి కనబడితె మాట అందుకుంటడు. కనబడకపోతె లేదు.

నవ్వులు ఆగుతలేవు. ఆయన ఆగుతలేడు. చిన్నప్పుడు కార్ఖానాకు బాపు అన్నం డబ్బా తీసుకపోయిన బిడ్డ నమ్రత. ఆ మోతల మాటలు నడువవు, చేతులతోనే సైగలు. లేసి ఆయన ముందటికి పోయి, రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిచ్చింది. పోగు తెగింది, సాంచా ఆపు అని.

ఆంజనేయులు మాట నడుమనే ఆపిండు. ఆ సైగ చూసి ఆపకుండ ఉండుడు ఆయన చేతులకు తెలువదు. బిడ్డ మొఖం చూసిండు. బల్ల మీద ఫోన్ చూసిండు, అండ్ల అంబాదాస్ ఫోటో. నవ్వేటోళ్లను చూసిండు. మొఖం వాడిపోయింది.

"ఆయననే పాడుతున్నడా?" అన్నడు. ఆయన అంత మెల్లగ మాట్లాడుడు గల్లిల ఎవ్వరు ఇనలే. నవ్వులు ఆగిపోయినయి.

నమ్రత తల ఊపింది. రూపాలి అక్కడనే ఉన్నదని తెలిసీ, అడగొద్దని తెలిసీ అడిగింది, పెదవులు కనబడేటట్టు మెల్లమెల్లగ. "మరి రోజూ నేను పాడినప్పుడు వాహ్ అంటివి గద, బాపూ?"

ఆంజనేయులు తల వంచుకున్నడు.

"నువ్వు తొడ మీద తాళమేస్తవు గద. చెయ్యి తిరిగి మొదటికొచ్చినప్పుడు అంటుంటి బిడ్డా. నీ చెయ్యి చూసి."

రూపాలి ఫోన్ బంద్ చేసింది. నమ్రత తన చెయ్యి చూసుకున్నది. దాన్ని యాడ దాచుకోవాల్నో ఆమెకు తెలువలే.