డబ్బాల లిపి

"చెల్లెమ్మా, నువ్వు కంగారుపడకు. పని నా చేతికొచ్చిందంటే అయిపోయినట్టే," అంటూ డీటీపీ మాస్టారు తన షాపు ముందున్న టీ కొట్టు బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. సబ్బులావిడ మాత్రం పదేపదే టైము చూసుకుంటోంది. ఇంట్లో చేసే సబ్బులకి మొదటిసారి పరాయి దేశం నుంచి ఆర్డరొచ్చింది. వాళ్ళ లిపిలో లేబుళ్ళు సాయంత్రానికల్లా ప్రెస్సుకి చేరాలి. లేబులు తప్పయితే సరుకంతా వెనక్కే. మాస్టారు చేసిచ్చిన కాగితం మీద చూస్తే, వరసగా ఖాళీ డబ్బాలు.

"అన్నయ్యా, అక్షరాలన్నీ ఒకేలా ఉన్నాయేంటి?"

"అక్కడికే వస్తున్నా. అసలు ఈ విద్యలోకి ఎలా దిగానో తెలుసా? ఓ హోటలాయన బోర్డు మీద ఫ్రెంచి మాటేదో రాయించుకోవాలని వచ్చాడు. అక్షరం నెత్తిన చిన్న గీత పడాలిట. ఎక్కే షాపు దిగే షాపు, ఎవడి వల్లా కాలేదు. నేనేం చేశా? ఎడంచేత్తో ఆల్ట్ బటన్ నొక్కిపట్టి, కుడిచేత్తో అంకెలు కొట్టా. టకామని గీత వచ్చి అక్షరం నెత్తిన కూర్చుంది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు టీ కొట్టాయన.

"నమ్మక ఏం చేస్తావ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అత్తరు వ్యాపారి ఒకాయన అరబ్బీ పని తెచ్చాడు. అది కుడి నుంచి ఎడమకి పోయే లిపి కదా, నా వేగానికి అక్షరాలు ఆగితేనా! స్క్రీను అంచు దాటి కింద పడతాయేమోనని మీ వదిన ఎడంపక్క దుప్పటి పట్టుకుని నిలబడింది."

"పడ్డాయా?" అన్నాడు టీ తాగుతున్న పక్క షాపు టైలరు.

"అక్షరాలు పడలేదు గానీ కొన్ని చుక్కలు రాలాయి. ఏరి మళ్ళీ పెట్టా. ఇక చైనా వాళ్ళ పని వచ్చింది చూడూ, వాళ్ళవి వేలకి వేలు అక్షరాలాయె, మామూలు కీబోర్డు ఏ మూలకి? ప్రత్యేకంగా చేయించి ఇక్కణ్ణుంచి బస్టాండు దాకా పరిచా. చెప్పులు విప్పి దాని మీద పరిగెత్తుతూ టైపు కొట్టా. ఫుల్‌స్టాపు బస్టాండు దగ్గరుండేది. వాక్యం అయినప్పుడల్లా సైకిలెక్కి వెళ్ళి నొక్కొచ్చేవాణ్ణి."

"రోడ్డంతా కీబోర్డేగా, సైకిలెక్కడ తొక్కావు?" అన్నాడు టీ కొట్టాయన.

"స్పేస్‌బార్ మీద! లారీలు కూడా దాని మీంచే వెళ్ళేవి. ఇప్పుడు నీ పనికొస్తా చెల్లెమ్మా. ఈ డబ్బాల లిపి ఉందే, దీన్ని మించిన కష్టం లోకంలో లేదు. పైకన్నీ ఒక్కలాగే ఉంటాయి, తేడా అంతా లోపలి ఖాళీలో ఉంటుంది. ఆ దేశంలోనే సరిగ్గా చదవగలిగేవాళ్ళు ఇద్దరు, అందులో ఒకడు నా శిష్యుడు. మొన్న వాళ్ళ మంత్రి ఫోన్ చేసి, మా భాష మా పిల్లలకి మీరే నేర్పాలని ఒకటే ఏడుపు!"

సబ్బులావిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. దాన్నిండా పెన్నుతో గీసిన డబ్బాలున్నాయి.

"అయితే ఇది కూడా చదివిపెట్టండి అన్నయ్యా."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆహా, ఏం రాశాడమ్మా! 'సబ్బులమ్మగారికి నమస్కారాలు. మీ సబ్బు వాసనకి మా ఊరు ఊరంతా...' ఇక్కడ చేతిరాత కొంచెం బాగాలేదు... 'మీ మాస్టారి టైపింగు చూసి కళ్ళు చెమర్చాయి. ఆయన్ని మాత్రం వదులుకోకండి.' విన్నారా!"

"అది నేను గీసింది అన్నయ్యా. అట్టపెట్టెలో సబ్బులు ఎలా సర్దాలో వేసుకున్న బొమ్మ."

టైలరుకి నవ్వుతో పొలమారింది. మాస్టారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"వాళ్ళు పంపిన మాటలు నా ఫోన్లో అక్షరాల్లాగే కనిపిస్తున్నాయి. మీ కంప్యూటర్లో ఆ లిపి లేకే డబ్బాలు పడ్డాయి," అంటూ ఆవిడ లేచింది. "ఇంకా పొద్దుంది కాబట్టి బతికిపోయాను. ప్రెస్సులోనే దగ్గర కూర్చుని కొట్టించుకుంటా. ఇవి అంటించి పంపితే, కొన్నవాళ్ళకి చదివిపెట్టడానికి ఆ దేశంలో మీరుండరు కదా!"